నీళ్ళ ట్యూబు

డబ్బాలో మనిషి

టీబీ ల్యాబ్‌లో ముప్పై రెండేళ్ళు పనిచేసి దిగిపోయాను. ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి రాయను. అవి తలుచుకుంటే నాకే విసుగు, మీకెందుకు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి పనికొచ్చేది నా దగ్గర ఒక్కటే ఉంది, అది నేను చేసిన తప్పు. మిగతాదంతా పుస్తకాల్లో దొరుకుతుంది.

ముందు పని ఎలా ఉంటుందో చెప్తాను. మీ దగ్గరికి రోగి రాడు. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా వస్తుంది. లోపల కళ్ళె, పైన ఒక నంబరు. దాన్ని ట్యూబులో పోసి, కడిగి, యంత్రంలో గిర్రున తిప్పి, అడుగున మిగిలినది తీసి గుడ్డుసొనతో చేసిన ఆకుపచ్చటి మేత మీద వేస్తారు. వెచ్చటి గదిలో పెట్టి ఎదురు చూస్తారు. టీబీ క్రిమికి బద్ధకం ఎక్కువ. ఆరు వారాలకి గానీ గోధుమరవ్వలాంటి గింజలు కట్టదు. అప్పుడు మీరు ఒక కాగితం మీద రెండు ముక్కలు రాస్తారు. ఒక మనిషి ఏ మందు మింగాలో, ఎన్నాళ్ళు మింగాలో దాంతో తేలిపోతుంది.

ఆ మనిషి మీకు ఎప్పటికీ ఎదురుపడకపోవచ్చు. ఎదురుపడకపోతే హాయిగా ఉంటుంది. నేను పాతికేళ్ళు అలాగే హాయిగా ఉన్నాను.

అక్షరాలు

నేను చేరినప్పుడు మాకు సూక్ష్మదర్శిని, అద్దపు పలకలు, ఎర్ర రంగు ఉండేవి. జన్యుపరీక్షలు తర్వాత వచ్చాయి. మా ల్యాబ్‌లో పెరిగిన క్రిముల్ని కట్ట కట్టి వేరే ఊరి పెద్ద ల్యాబ్‌కి పంపితే, కొన్ని నెలలకి వాటి వంశం వివరాలు వచ్చేవి.

ఇది చాలామంది గజిబిజిగా చెప్తారు. అంత కష్టం ఏమీ లేదు. టీబీ క్రిమి జన్యువులన్నిట్లో కలిపి సుమారు నలభై నాలుగు లక్షల అక్షరాలుంటాయి. ఒక తరం నుంచి ఇంకో తరానికి నకలు రాసుకునేటప్పుడు ఎప్పుడో ఒక అక్షరం తప్పు పడుతుంది. ఏడాదికి ఒకటి కూడా పడదు. ఇద్దరు రోగుల క్రిముల్ని పక్కపక్కన పెట్టి ఎన్ని అక్షరాలు తేడా ఉన్నాయో లెక్కపెడితే, అవి దగ్గర చుట్టాలో దూరపు చుట్టాలో తెలుస్తుంది. మన తీరంలో తాతల నాటి నుంచీ ఉన్న రకం ఒకటుంది. మాది రేవు ఉన్న ఊరు కాబట్టి, ఓడల మీద పనిచేసి వచ్చినవాళ్ళలో అప్పుడప్పుడూ వేరే రకం దొరికేది. దాని చుట్టాలు ఎక్కడో మంచు కురిసే దేశాల్లో ఉండేవారు. ఒక్కడి దగ్గుతో అది సముద్రాలు దాటి వచ్చేది. మందులకి లొంగకపోవడం కూడా దారిలోనే నేర్చుకుని వచ్చేది.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఇద్దరి క్రిముల మధ్య తేడా సున్నా అని వచ్చిందంటే, ఈ మధ్యే ఒకరి నుంచి ఒకరికి అంటుకుని ఉండొచ్చు. లేదా రెండూ మన బల్ల మీదే కలిసిపోయి ఉండొచ్చు. మొదటిదైతే పరిశోధన పేపరు రాసుకోవచ్చు, మీటింగుల్లో చదవొచ్చు. రెండోది ఎవరికీ గుర్తుకు రాదు.

చందనోత్సవం డ్యూటీ

మా ల్యాబ్‌లో ఒక ఒప్పందం ఉండేది. హిందువుల పండగలకి నేనూ, ఇంకో క్రైస్తవ టెక్నీషియనూ డ్యూటీ చేసేవాళ్ళం. క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ వాళ్ళు చేసేవారు. ఎవరూ కాగితం మీద పెట్టుకున్నది కాదు. ఇచ్చిపుచ్చుకోవడంలో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మాట రాలేదని మాకు కాస్త గర్వంగానే ఉండేది.

ఆ ఏడు ఆ టెక్నీషియన్ పురిటికి సెలవులో ఉంది. చందనోత్సవం రోజు ల్యాబంతా సింహాచలం కొండెక్కింది. ఎనిమిది డబ్బాలతో నేనొక్కదాన్నే మిగిలాను. ఒక్కరే ఆ పని చెయ్యకూడదు. డబ్బాల్ని ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి ఆపొచ్చు. కానీ ఆపితే ఎందుకు ఆగిందని పైవాళ్ళు అడుగుతారు, కొండకి వెళ్ళినవాళ్ళకి సంజాయిషీ నోటీసు వస్తుంది, వచ్చే క్రిస్మస్‌కి మొహాలు మాడతాయి. అందుకని ఆపలేదు. మంచితనానికి పోయి చేసిన పని అది. అందుకే అందులో తప్పుందని నాకు తోచలేదు.

కడిగే ద్రావణం ఒక్కో ట్యూబుకి ఒక్కో చిన్న సీసాలో విడిగా ఉండాలి. సీసాలు సిద్ధం చేసే మనిషి కూడా కొండ మీదే ఉన్నాడు. పెద్ద సీసా ఒకటుంటే తీసి, దాంతోనే వరసగా అన్ని ట్యూబుల్లో పోశాను. ఏడో ట్యూబు ప్రకాశ్ అనే కుర్రాడిది. సరుకుల ఓడ మీద పనిచేసి, దగ్గుతో దిగి, కూర్మన్నపాలెంలో తల్లి దగ్గరికి వచ్చాడు. అతని కళ్ళె నిండా క్రిములే. ఎనిమిదోది నూకరత్నం అనే ఆవిడది. రెండు నెలలుగా మామూలు టీబీ మాత్రలు మింగుతోంది, అయినా పలక మీద ఇంకా నాలుగైదు క్రిములు కనిపిస్తున్నాయని మళ్ళీ పరీక్షకి పంపారు. తొమ్మిదోది ఉత్త నీళ్ళు. ప్రతి వరస చివరా శుభ్రమైన నీళ్ళ ట్యూబొకటి పెడతాం. మన చెయ్యి శుభ్రంగా ఉందో లేదో అది చెప్తుంది.

ఆరు వారాలకి ఏడోది గింజలతో నిండిపోయింది. ఎనిమిదోదాంట్లో రెండు గింజలు వచ్చాయి. రెండింటినీ మందులతో పరీక్షిస్తే రెండూ ముఖ్యమైన మందులకి లొంగలేదు. నేనే కాగితం రాశాను, నేనే సంతకం పెట్టాను.

సూది

అప్పట్లో మొండి టీబీకి మాత్రలతో పాటు నెలల తరబడి రోజూ సూది వేసేవారు. ఇప్పుడు ఆ సూది లేదు, మీ అదృష్టం. దాని విషం చెవుల్లోకి దిగుతుంది. మొదట హోరు, తర్వాత సన్నటి శబ్దాలు పోవడం, ఆ తర్వాత అన్నీ పోవడం. పోయింది తిరిగి రాదు.

నూకరత్నం జాలారిపేట మనిషి. భర్త మసేను పడవ మీద వేటకెళ్ళేవాడు. తను తట్టతో ఆటో ఎక్కి కూర్మన్నపాలెం, ఆ చుట్టుపక్కల కాలనీలు తిరిగి చేపలమ్మేది. ఆవిడ కేక వీధి చివరికి వినబడేదట. మేడల మీంచి ఆడవాళ్ళు ఏం చేపలని అడిగితే కింద నుంచే బేరం తెమిల్చేది. సూదులు మొదలైన మూడో నెలలో చెవుల్లో సముద్రం మోగుతోందని నర్సుకి చెప్పింది. సముద్రం పక్కనే ఉంటావు, మోగదా అని నర్సు నవ్విందట. వినికిడి చూసే యంత్రం అప్పటికి చెడిపోయి ఉంది. ఐదో నెలకి నూకరత్నానికి ఏమీ వినబడలేదు. మేడ మీంచి పిలిచినా తలెత్తకుండా వెళ్ళిపోతోందని బేరగత్తెలు వేరేవాళ్ళని చూసుకున్నారు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. అప్పటికి ఆవిడ నాకు ఎనిమిదో ట్యూబే. ప్రకాశ్ ఆ మధ్యలోనే చనిపోయాడు. అతని రకానికి మా దగ్గర సరైన మందు లేదు.

కూర్మన్నపాలెం

తర్వాత జన్యుపరీక్షల ఫలితాలు వచ్చాయి. ప్రకాశ్ క్రిమికి దగ్గర చుట్టాలు ఎక్కడో ఉత్తరాన చలి దేశపు రేవుల్లో ఉన్నారు. నూకరత్నం క్రిమికీ దానికీ ఒక్క అక్షరం తేడా లేదు.

మా హెడ్ గారి పేరు రాయను. చెడ్డవారు కాదు, పని బాగా తెలిసినవారు. కాకపోతే ఆయనకి జవాబు ముందు తడుతుంది, ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. కాగితం చూడగానే లేచి నిలబడ్డారు. "ఓడలో వచ్చింది, ఊళ్ళో దిగింది. ఇంకేం కావాలి సుగుణగారూ?" అన్నారు. వాళ్ళిద్దరూ ఎక్కడ కలుసుకున్నారో కనుక్కు రమ్మని నన్ను పంపారు.

ప్రకాశ్ వాళ్ళమ్మ తలుపు తీసి, ఆస్పత్రి నుంచని చెప్పగానే కుర్చీ తుడిచి వేసింది. ఫలానా చేపలావిడ తెలుసా అని అడిగాను. తెలుసు అంది. వారానికి రెండుసార్లు వచ్చేదని, కొడుకు ఓడ దిగి వచ్చాక వాడికిష్టమని ఎక్కువ కొన్నానని, వాడే గుమ్మంలో నిలబడి ఏరుకునేవాడని చెప్పింది. నాకు ఒళ్ళు జలదరించింది. నిజం చెప్పాలంటే అది ఆనందం. ఎందుకు అడుగుతున్నారని ఆవిడ అడిగితే జబ్బు సంగతీ చెవుల సంగతీ దాచకుండా చెప్పేశాను. మా వాడి వల్ల ఆవిడకి చెవులు పోయాయా అంది. నేను అవునని తలూపి, టీ తాగి వచ్చేశాను.

రిజిస్టరు

పేపరుకి తేదీలు నేనే వరసగా రాస్తున్నాను. రాస్తుంటే ఒకచోట కలం ఆగింది. నూకరత్నానికి టీబీ అని తేలేనాటికి ప్రకాశ్ ఇంకా ఓడ మీదే ఉన్నాడు. హెడ్ గారికి చూపిస్తే, ఉన్న జబ్బు మీద కొత్తది అంటుకుంది, అలా జరుగుతుంది అన్నారు. జరుగుతుంది కూడా. ఆయన చెప్పినది అబద్ధం కాదు. అయినా బల్ల దగ్గరుండే పాత రిజిస్టరు తీశాను.

చందనోత్సవం తేదీ. ఏడు ప్రకాశ్, ఎనిమిది నూకరత్నం. తొమ్మిది, నీళ్ళు. దాని ఎదురుగా అంచులో చిన్న అక్షరాలతో నా రాత: ఒక గింజ, సందేహం.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆరు వారాల తర్వాత నీళ్ళ ట్యూబులో ఒక గింజ కనిపించింది. గింజ కాదేమో, మేతలో పలుకేమో అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ రోజు ఒక్కదాన్నే ఎందుకు చేశావని అడుగుతారు, మా పండగల ఒప్పందం బయటపడుతుంది. పెన్సిలుతో అంచులో రాసి ట్యూబు పారేశాను. నీళ్ళకి టీబీ రాదు. నీళ్ళలో మొలిచిందంటే పెద్ద సీసా మూతి ఏడోదాంట్లోని క్రిముల్ని తర్వాతి ట్యూబుల్లోకి మోసిందన్నమాట. ఆ వరసలో దేన్నీ నమ్మకూడదు, ఎనిమిదోదాన్ని అసలే నమ్మకూడదు. ఇది మొదటి నెలలో నేర్పే పాఠం. నేనే ఎంతోమందికి నేర్పాను.

నూకరత్నం ఇచ్చిన మొట్టమొదటి డబ్బా తాలూకు మిగులు ఫ్రీజర్ అడుగున దొరికింది. దాన్ని పెంచి పంపించాను. ఫలితం వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. అది మన తీరం పాత రకం. అన్ని మందులకీ లొంగుతుంది. ఓడ క్రిమికీ దానికీ పోలికే లేదు. రెండు నెలల మాత్రల తర్వాత ఆవిడ పలక మీద కనిపించిన నాలుగైదు క్రిములూ చచ్చినవి అయి ఉండాలి. చచ్చిన క్రిమి కూడా ఎర్ర రంగు పట్టుకుంటుంది. మామూలు మాత్రలతోనే ఆవిడకి తగ్గిపోతోంది. నేను చెవులు తీశాను.

మసేను మాట

హెడ్ గారు పేపర్లోంచి నూకరత్నాన్ని తీసేశారు. ఆవిడ సూదులూ పెద్ద మందులూ ఆపించి మామూలు మాత్రలకి మార్పించారు. ఆ రెండూ చేసినందుకు ఆయన్ని తప్పుపట్టను. తర్వాత, ఇది గోడ దాటకూడదన్నారు. తెలిస్తే రేపు ఎవరూ మనకి కళ్ళె ఇవ్వరన్నారు.

ప్రకాశ్ వాళ్ళమ్మ దగ్గరికి ఆ వారమే వెళ్ళాను. మీ అబ్బాయి వల్ల ఆవిడకి ఏమీ రాలేదు, మేం పొరపాటు పడ్డాం అని చెప్పాను. ఆవిడ గోడకి ఆనుకుని ఏడ్చింది. చెప్పి మంచి పని చేశానని తేలిగ్గా బస్సెక్కాను. చెప్పడం తేలికైన నిజం అది. చెప్పాల్సిన రెండోది ఇంకా నా దగ్గరే ఉంది.

జాలారిపేటలో మసేను వల బాగుచేసుకుంటున్నాడు. నూకరత్నం ఇంట్లో లేదు. అతనికి మొత్తం చెప్పాను, దాచలేదు. తిడతాడని, కొట్టినా కొడతాడని సిద్ధపడే వెళ్ళాను. అతను వల పక్కన పెట్టాడు.

"దానికి సెప్పకండి మేడం," అన్నాడు. "సెవులు పోతే పోనాయి, పేనం దక్కిందని పదిమందికీ సెప్పుకుంతంది. ఊరికే పోనాయని మీరు సెప్పీసినారంటే దానికేటి మిగుల్తాది?"

నేను ఒప్పుకున్నాను. అతను పెళ్ళాం మీద ప్రేమ కొద్దీ అన్నాడు. నేను మాత్రం బతికిపోయానని ఒప్పుకున్నాను. ఈ తేడా నాకు అప్పుడే తెలుసు. తెలియదని రాస్తే ఇంకో అబద్ధమవుతుంది.

ఆస్పత్రికి వచ్చినప్పుడు నూకరత్నానికి సైగలతో చెప్పాను: జబ్బు లొంగింది, ఇక సూదులొద్దు. ఆవిడ నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. మర్నాడు మసేను చేత వంజరం చేప పంపించింది. అది ఇంటికి తెచ్చి వండాను. తిన్నాను కూడా.

అడగాల్సిన మనిషి

ఆ తర్వాత నూకరత్నం మా ల్యాబ్‌కి చుట్టమైపోయింది. పేటలో ఎవరు దగ్గినా రెక్క పుచ్చుకుని తీసుకొచ్చేది. ఈ మేడమే నన్ను బతికించిందని పెద్ద గొంతుతో అందరికీ చెప్పేది. తన గొంతు తనకి వినబడదు కాబట్టి అది వరండా అంతా వినబడేది. నేను లోపల ఏదో పని కల్పించుకునేదాన్ని.

రిటైరయ్యాక కూడా ప్రతి ఆదివారం చర్చిలో క్షమించమని అడిగేదాన్ని. అలా చాలాకాలం గడిచింది. దేవుణ్ణి అడగడం నాకు మరీ సుళువుగా ఉందని ఒకనాడు నా మీద నాకే అసహ్యం వేసింది. పోయిన వేసవిలో జాలారిపేట వెళ్ళాను.

మసేను, కూతురు, అందరూ ఇంట్లోనే ఉన్నారు. నూకరత్నం గుమ్మంలో రొయ్యలు ఒలుస్తోంది. మసేను నన్ను చూసి, నా మొహం చూసి, లేచి బయటికి రాబోయాడు. నేను ఆగలేదు. వాళ్ళ కూతురితో చెప్పాను. మీ అమ్మకి ఆ సూదులు అక్కర్లేదు, నా తప్పు వల్ల వేశారు, అమ్మకి చెప్పు అన్నాను. ఆ పిల్ల నన్ను నమ్మలేనట్టు చూసింది. రెండోసారి కూడా అదే చెప్పాను. అప్పుడు పిల్ల వెళ్ళి తల్లి ముందు కూర్చుని బొటనవేలితో జబ్బ మీద సూది పొడిచినట్టు చూపించింది, చెవులు పట్టుకుంది, నా వైపు వేలు చూపించింది, అరచెయ్యి అడ్డంగా ఊపింది. నూకరత్నానికి మొదటిసారి అర్థం కాలేదు. పిల్ల ఏడుస్తూ మళ్ళీ అదంతా చేసింది.

ఈసారి అర్థమైంది. నేను చేతులు జోడించి నిలబడ్డాను. ఆవిడ నన్ను చూడలేదు. మసేను వైపు తిరిగింది. చెవులు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ లోకంతో మాట్లాడుతున్నది అతని మొహం చూసే. ఎవరేమన్నా ముందు అతని మొహం చూసి, అప్పుడు నవ్వేది, అప్పుడు కోప్పడేది. ఆ మొహంలో ఆశ్చర్యం లేదని తెలుసుకోవడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టలేదు. మసేను తల దించుకున్నాడు.

నూకరత్నం రొయ్యల గిన్నె పక్కకి జరిపి, తడి చేతులు చీరకి తుడుచుకుంది. గొంతు చాలా తగ్గించి మాట్లాడింది. వినబడని మనిషి అంత నెమ్మదిగా మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు.

"సెవులు నాయి," అంది. "సెప్పాలో వొద్దో మీరిద్దరూ మాటాడుకున్నారేటి?"